బడి గదుల టెండర్: చిన్న బిల్డర్ అంచనా విలువ కన్నా ఎంత తక్కువ (లెస్) వెయ్యొచ్చు, ఎంత పెట్టుబడి ఉండాలి?

కొత్త_సివిల్_వర్క్స్:

నల్గొండ వైపు ఇళ్లు కట్టే పని మాది. సివిల్ కాంట్రాక్టర్ రిజిస్ట్రేషన్, జీఎస్టీ నంబర్, క్లాస్ 3 డిజిటల్ సంతకం ఉన్నాయి. ప్రభుత్వ పని ఇంతవరకు చెయ్యలేదు. ఇప్పుడు మూడు దారులు కనిపిస్తున్నాయి.

ఒకటి, ఈ-ప్రొక్యూర్‌మెంట్‌లో ఉన్న టెండర్. హైస్కూల్లో రెండు అదనపు తరగతి గదులు, ఒక టాయిలెట్ బ్లాక్. ఈసీవీ (శాఖ వేసిన అంచనా విలువ) 40 లక్షలు, గడువు 6 నెలలు, మొత్తం మీద శాతం కోట్ చేసే పద్ధతి. రెండోది, పక్క ఊరి బడిలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ చేయించే రిపేర్లు. మూడోది, రెసిడెన్షియల్ స్కూల్ పెద్ద పని దక్కించుకున్న కంపెనీ కింద సబ్ కాంట్రాక్టర్‌గా గోడలు, ప్లాస్టరింగ్.

చేతిలో 12 లక్షలు ఉన్నాయి. ఇక్కడ అందరూ 15, 18 శాతం లెస్ వేస్తున్నారు. అలా ఎలా గిట్టుబాటు అవుతుంది? ఉద్యం (చిన్న సంస్థల రిజిస్ట్రేషన్) సర్టిఫికెట్ ఉంటే ఈఎండీ (టెండరుతో కట్టే డిపాజిట్) కట్టక్కర్లేదని ఒకరన్నారు, నిజమేనా? బిల్లులో కోతలు పోను చేతికి ఎంత వస్తుంది? సైటులో ఏ తప్పు జరిగితే బిల్లు ఆగుతుంది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

---

పాత_ఎస్టిమేటు:

ముందు లెస్ సంగతి. మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి.

మన రెండు రాష్ట్రాల ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక రేట్ల పట్టిక) బిల్డింగ్ డేటాలో మెటీరియల్, కూలి, మిషనరీ ఖర్చు వేశాక ఓవర్‌హెడ్, కాంట్రాక్టర్ లాభం కింద 13.615 శాతం కలుపుతారు. అంటే 113.615 రూపాయల రేటులో అసలు ఖర్చు 100. ఆ 13.615ని ఈసీవీ మీద లెక్కేస్తే దాదాపు 12 శాతం. కాబట్టి 12 శాతం లెస్ వేసినవాడు లాభం, ఓవర్‌హెడ్ మొత్తం వదిలేసుకుని సున్నా దగ్గర నిలబడ్డాడన్నమాట. మీ 40 లక్షల పనికి లెక్క చూడండి. డేటా ప్రకారం అసలు ఖర్చు సుమారు 35.2 లక్షలు. 5 లెస్ వేస్తే అగ్రిమెంట్ 38 లక్షలు, మిగిలేది 2.8 లక్షలు. 8 లెస్ వేస్తే 36.8 లక్షలు, మిగిలేది 1.6. 15 లెస్ వేస్తే 34 లక్షలు, అంటే 1.2 లక్షలు ఎదురు పెట్టుకోవాలి. వాచ్‌మన్ జీతం, కరెంటు, వడ్డీ, ఆఫీసుల చుట్టూ తిరిగే పెట్రోలు అన్నీ ఆ మిగిలినదాంట్లోంచే పోవాలి.

మరి 15, 18 వేసేవాళ్ల సంగతేంటి? కొందరికి సొంత షట్టరింగ్, సొంత మిక్సర్, ట్రాక్టర్లు ఉంటాయి. ఇసుక దగ్గర్లో దొరికితే ఎస్టిమేట్‌లో చూపిన లీడ్ (సామాను తెచ్చే దూరం) కన్నా తక్కువ దూరం పడుతుంది. జేసీబీతో తవ్వే పని, పెయింటింగ్, వైరింగ్ లాంటి కొన్ని ఐటమ్స్‌లో షెడ్యూల్ రేటు కన్నా మార్కెట్ చవక. ఇవేమీ లేకుండా వేసేవాళ్లు సిమెంటు తగ్గించైనా కడతారు, మధ్యలోనైనా వదిలేస్తారు. వాళ్ల శాతం చూసి మీ శాతం పెట్టుకోకండి.

అందుకని శాతం తేల్చుకునే ముందు లీడ్ స్టేట్‌మెంట్ చదవండి. ఇసుక, కంకర, ఇటుక ఎక్కడి నుంచి, ఎన్ని కిలోమీటర్లు అని అందులో ఉంటుంది. ఎస్టిమేట్ వేసినప్పటి క్వారీ ఇప్పుడు మూతపడి ఉంటే ఆ తేడా మొత్తం మీ నెత్తినే. తర్వాత షెడ్యూల్లో విలువ పరంగా పెద్ద ఐటమ్స్ ఎనిమిదో పదో తీసుకోండి. స్టీలు, స్లాబు కాంక్రీటు, ఫుటింగ్స్, గోడ, ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్, తలుపులు కిటికీలు కలిపితే చాలావరకు డబ్బు అక్కడే ఉంటుంది. వాటికి మీ ఊరి ధరలతో సొంత రేటు కట్టి షెడ్యూల్ రేటు పక్కన పెట్టండి. మీ శాతం అక్కడ తేలుతుంది. ఆరు నెలల పనికి ధరల సర్దుబాటు రాదనుకునే లెక్క వేసుకోండి.

25 లెస్ దాటితే ఇంకో గుదిబండ కూడా ఉంది. ఈసీవీలో 75 శాతానికీ మీ కోట్‌కీ మధ్య తేడాను అగ్రిమెంట్ నాడే అదనపు సెక్యూరిటీగా కట్టాలి. 28 లెస్ వేస్తే కోట్ 28.8 లక్షలు, 75 శాతం అంటే 30 లక్షలు, కట్టాల్సింది 1.2 లక్షలు. ఎక్సెస్ (ఈసీవీ కన్నా ఎక్కువ కోట్) వైపు 5 శాతం దాటితే టెండరు ఆమోదించరు.

ఇక అర్హత. చిన్న పనులకు చాలాసార్లు రిజిస్ట్రేషన్ తరగతి సరిపోతే చాలు. విలువ పెరిగేకొద్దీ ఇలాంటి పని చేసిన అనుభవం, టర్నోవర్, ఒక ఏడాదిలో పోసిన కాంక్రీటు పరిమాణం, బిడ్ కెపాసిటీ అడుగుతారు. బిడ్ కెపాసిటీకి మన దగ్గర సూత్రం 2ఏఎన్ మైనస్ బీ. ఏ అంటే గత ఐదేళ్లలో ఏదో ఒక ఏడాది చేసిన పనుల గరిష్ఠ విలువ, ఎన్ అంటే ఈ పని గడువు ఏళ్లలో, బీ అంటే చేతిలో ఉన్న పనుల్లో ఆ గడువులోపు చెయ్యాల్సిన మిగులు. ఉదాహరణకు ఏ 60 లక్షలు, గడువు ఆరు నెలలు, చేతిలో 25 లక్షల పని ఉందనుకుందాం. 2 × 60 × 0.5 = 60, అందులోంచి 25 తీస్తే 35 లక్షలు. 40 లక్షల టెండరుకు చాలదు. ప్రైవేటు ఇళ్ల అనుభవాన్ని చాలా టెండర్లు లెక్కలోకి తీసుకోవు. శాఖ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ (ఈఈ) ఇచ్చిన సర్టిఫికెట్టే అడుగుతారు. మీ టెండర్‌లో ఈ షరతులు ఉన్నాయో లేదో డాక్యుమెంట్ మొత్తం చదివాకే ఈఎండీ కట్టండి.

చేతిలో ఉన్న పనిని దాచి కెపాసిటీ పెంచి చూపించేవాళ్లున్నారు. ఆఫీసులో బయటపడితే ఈఎండీ పోవడంతో ఆగదు, తర్వాత టెండర్లు వెయ్యనివ్వరు.

---

లెక్కల_పుస్తకం:

డబ్బు లెక్క నేను చెప్తాను.

లోపలికి వెళ్లడానికి: ఈఎండీ 1 శాతం, మీకు 40,000. పని వస్తే అగ్రిమెంట్ రోజు ఇంకో 1.5 శాతం, సుమారు 60,000. ఈ-ప్రొక్యూర్‌మెంట్ ట్రాన్సాక్షన్ ఫీజు ఈసీవీలో 0.03 శాతం, అంటే 1,200, దాని మీద జీఎస్టీ. గెలిచినవాడు కార్పస్ ఫండ్ 0.04 శాతం, అంటే 1,600. ఈ చివరి రెండూ తిరిగి రావు.

ఉద్యం విషయం. కేంద్ర ప్రభుత్వ కొనుగోలు విధానంలో చిన్న సంస్థలకు ఈఎండీ మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ అది సరుకులకు, సేవలకు. వర్క్స్ కాంట్రాక్టులకు వర్తించదని కేంద్రమే వివరణ ఇచ్చింది. పైగా మీది రాష్ట్ర టెండరు. టెండర్ డాక్యుమెంట్‌లో మినహాయింపు అని రాసి ఉంటే తప్ప ఉద్యం సర్టిఫికెట్ అప్‌లోడ్ చేసి ఈఎండీ ఎగ్గొట్టకండి, టెక్నికల్ దశలోనే పక్కన పెట్టేస్తారు. 45 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే వడ్డీ అనే ఎంఎస్‌ఎంఈ చట్టం నిబంధన కూడా వర్క్స్ కాంట్రాక్టుకు వర్తించదని పలు హైకోర్టు తీర్పులున్నాయి. దాన్ని నమ్ముకుని వడ్డీకి డబ్బు తేవద్దు.

బిల్లులో కోతలు. 15 లక్షల పని విలువకు బిల్లు పెట్టారనుకోండి. సెక్యూరిటీ కింద 7.5 శాతం అంటే 1,12,500. ఆదాయపన్ను టీడీఎస్ వ్యక్తిగత ప్రొప్రైటర్‌కు 1 శాతం, 15,000 (ఫర్మ్, కంపెనీ అయితే 2). కాంట్రాక్టు రెండున్నర లక్షలు దాటింది కాబట్టి జీఎస్టీ టీడీఎస్ 2 శాతం, 30,000. లేబర్ సెస్ 1 శాతం, 15,000. న్యాక్ (నిర్మాణ శిక్షణ సంస్థ) కింద 0.1 శాతం, 1,500. మొత్తం 1,74,000. ఇది కాక ఇసుక, కంకర, మొరం మీద సీనరేజి (ఖనిజాలకు ప్రభుత్వం తీసుకునే రుసుము). పర్మిట్ కాగితాలు చూపించలేకపోతే దీన్ని జరిమానాతో పట్టేసే అవకాశం ఉంది, కాబట్టి లోడు వచ్చిన రోజే ట్రాన్సిట్ కాగితం ఫైల్లో పెట్టండి.

వీటిలో ఏది ఖర్చు, ఏది ఆగిన డబ్బు అని విడదీసుకోవాలి. ఆదాయపన్ను టీడీఎస్ రిటర్న్‌లో సర్దుబాటవుతుంది. జీఎస్టీ టీడీఎస్ పోర్టల్‌లో మీరు ఆమోదించాకే క్యాష్ లెడ్జర్‌లోకి వస్తుంది. చాలామంది ఆ బటన్ నొక్కరు, ఏళ్ల తరబడి అది అక్కడే పడి ఉంటుంది. సెస్, న్యాక్, సీనరేజి ఎస్టిమేట్ పార్ట్-బీలో విడిగా చూపించి ఉంటే అవి మీ జేబులోంచి పోయినట్టు కాదు. రేట్లలోనే కలిసి ఉన్నాయంటే మీవే. 7.5 శాతంలో కొంత భాగం డిఫెక్ట్ లయబిలిటీ (లోపాలు మీ ఖర్చుతో సరిచెయ్యాల్సిన) గడువు ముగిసేదాకా రాదు. బిల్డింగులకు అది ఎక్కువగా రెండేళ్లు.

జీఎస్టీ 2022 జులై 18 నుంచి ప్రభుత్వ పనులకూ 18 శాతమే, అంతకు ముందు 12 ఉండేది. షెడ్యూల్లో జీఎస్టీ విడిగా ఇస్తున్నారా, కోట్‌లోనే కలిపి ఉందా అన్నది మొదట చూడాల్సిన లైను. విడిగా ఉందనుకుని కోట్ చేసి, తీరా కలిపి ఉందని తేలితే మీ లాభం ఒకటికి రెండింతలు పోతుంది. సిమెంటు, స్టీలు బిల్లు మీద కొంటేనే ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ సర్దుబాటు) వస్తుంది. బిల్లు లేకుండా బస్తాకు పది రూపాయలు తగ్గించి ఇస్తానన్న డీలరు దగ్గర కొంటే నష్టం మీకే. సిమెంటు మీద 28 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 అయింది, పాత కొటేషన్లతో లెక్కలు వెయ్యకండి.

ఇంకొకటి. ఎంబుక్‌లో (శాఖ కొలతల పుస్తకంలో) కొలతలు ఎక్కగానే ట్యాక్స్ ఇన్‌వాయిస్ కొట్టేసి, డబ్బు రాకముందే సొంత జేబులోంచి జీఎస్టీ కట్టేవాళ్లు ఎక్కువ. ఒప్పందంలో చెల్లింపు తేదీ నిర్ణయించి లేకపోతే డబ్బు అందినప్పుడు గానీ, అంతకు ముందు గానీ ఇన్‌వాయిస్ ఇవ్వాలన్నది చట్టం. దశ పూర్తయితే చెల్లింపు అని రాసి ఉంటే కథ వేరు. అగ్రిమెంట్‌లో ఆ క్లాజు మీ అకౌంటెంట్‌కి చూపించి తేల్చుకోండి.

12 లక్షలతో 40 లక్షల పని గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను: చాలదు. గదుల పనిలో స్లాబు పడేసరికి సగం పైచిలుకు ఖర్చయిపోతుంది. స్లాబు దాకా ఒకే బిల్లు పెడదామనుకుంటే 18, 20 లక్షలు బయట ఉంటాయి. ప్లింత్ దగ్గర ఒక పార్ట్ బిల్లు, స్లాబుకు ఒకటి, ప్లాస్టరింగ్‌కు ఒకటి పెట్టుకున్నా మొదటి బిల్లు డబ్బు రాకముందే స్లాబు స్టీలు కొనాల్సి వస్తుంది. సిమెంటు డీలరు నెల అప్పు ఇస్తాడు, స్టీలు మాత్రం నగదు. తెలంగాణ బడుల పథకం మన ఊరు మన బడి బిల్లులు ఏళ్ల తరబడి రాక కాంట్రాక్టర్లు బడి గదులకు తాళాలు వేసిన వార్తలు మీరూ చదివే ఉంటారు. రెండు వరుస బిల్లులు రాకపోయినా పని ఆగకుండా ఉండేంత డబ్బుంటేనే దిగాలి. మీ పెట్టుబడికి 15 నుంచి 20 లక్షల టాయిలెట్ బ్లాకో, ప్రహరీ గోడో సరైన మొదటి పని.

---

కొత్త_సివిల్_వర్క్స్:

థాంక్స్ అన్నా. 13.615 లెక్క ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. పార్ట్-బీ ఉంది, జీఎస్టీ, సెస్, న్యాక్ విడిగానే చూపించారు. సైటు నల్లరేగడి. ఎస్టిమేట్‌లో పునాది లోతు 1.5 మీటర్లు అని ఉంది, పక్క ఇళ్లకు రెండు మీటర్లు దాటాయి. దీనికేం చెయ్యాలి?

---

ఎంబుక్:

నల్లరేగడి అయితే మీ పనిలో అసలు తలనొప్పి అదే.

గుంట తవ్వి 1.5 దగ్గర గట్టి నేల తగలకపోతే, అక్కడే ఆపి అదే రోజు ఏఈకి, డీఈఈకి (శాఖ ఇంజనీర్లకు) రాతపూర్వకంగా చెప్పండి. వాట్సాప్ ఫొటో సరిపోదు, కాగితం ఇన్‌వర్డ్ కావాలి. వాళ్లొచ్చి చూశాక ఎంత లోతుకు వెళ్లాలో, ఇసుక లేదా మొరం ఎంత నింపాలో సైట్ ఆర్డర్ బుక్‌లో రాయించుకోండి. ముందు చేసేద్దాం, తర్వాత చూసుకుందాం అని 2.2 మీటర్లకు వెళ్లిపోతే ఎక్కువైన తవ్వకం, ఎక్కువైన కాంక్రీటు, కాలమ్ మెడ పొడవు దేనికీ మంజూరు ఉండదు. పూడ్చేసిన పునాదిని చెక్ మెజర్‌మెంట్‌కు వచ్చిన అధికారి చూడలేడు కూడా. లెవెలింగ్ స్టాఫ్ (కొలత కర్ర) పెట్టి లెవెల్స్ తీసుకుని, టేపు కనిపించేలా ఫొటోలు తీసి, ఎంబుక్‌లో కొలతలు ఎక్కాకే మట్టి తొయ్యండి. అంచనా మొత్తం దాటిపోయేలా ఉంటే సవరించిన ఎస్టిమేట్‌కు పై నుంచి అనుమతి రావాలి, దానికి వారాలు పడుతుంది. ఆ లోపు కూలీలకు టాయిలెట్ బ్లాక్ పని చూపించుకోండి.

స్టీలు కూడా అంతే. కాంక్రీటు పోసే ముందే బార్ బెండింగ్ షెడ్యూల్ ఎంబుక్‌లో ఎక్కాలి. బరువు వ్యాసం వర్గాన్ని 162తో భాగిస్తే వస్తుంది: 8 ఎంఎం మీటరుకు 0.395 కిలోలు, 10కి 0.617, 12కి 0.888, 16కి 1.58. మీరు ఎంత కొన్నారన్నది కాదు, డ్రాయింగ్ ప్రకారం ఎంత కట్టారన్నదే కొలుస్తారు. ముక్కలు, బైండింగ్ వైరు రేటులోనే కలిసి ఉంటాయి. బార్లు ఇష్టమొచ్చినట్టు కోసే మేస్త్రీ ఉంటే కొన్నదానికీ కొలిచినదానికీ తేడా మీ నష్టం.

స్లాబు రోజు లెక్క ముందే వేసుకోవాలి. రెండు గదులు, ముందు వరండా కలిపి స్లాబు, బీములు సుమారు 20 క్యూబిక్ మీటర్లు వస్తాయనుకుందాం. షెడ్యూల్లో ఎం20 (కాంక్రీటు గ్రేడు) అని ఉండి, నామినల్ మిక్స్ (సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు) 1:1.5:3 అయితే క్యూబిక్ మీటరుకు దాదాపు 8 బస్తాలు, మొత్తం 160. ఒక బస్తా మిక్సర్ గంటకు 12 నుంచి 15 బ్యాచులు తిప్పుతుంది. అంటే ఒక్క మిక్సర్‌తో 11 గంటలు పైనే, మధ్యలో ఏ చిన్న బ్రేక్‌డౌన్ వచ్చినా రాత్రి అవుతుంది, కోల్డ్ జాయింట్ (ముందు పోసింది గట్టిపడి కొత్త కాంక్రీటు అతుక్కోని చోటు) పడుతుంది. ఆ జాయింట్ దగ్గరే తర్వాత వానాకాలంలో నీళ్లు కారి, డిఫెక్ట్ లయబిలిటీ కింద మీరే వెళ్లి సరిచెయ్యాలి. రెండు మిక్సర్లు, రెండు వైబ్రేటర్లు పెట్టండి. ఒకటి పాడైనా పని ఆగకుండా ఉంటుంది.

క్యూబులు. ఐఎస్ 456 (కాంక్రీటు పని ప్రమాణం) ప్రకారం కాంక్రీటు 1 నుంచి 5 క్యూబిక్ మీటర్లకు ఒక శాంపిల్, 6 నుంచి 15కి రెండు, 16 నుంచి 30కి మూడు. ఒక్కో శాంపిల్‌కు 28 రోజుల పరీక్షకు మూడు క్యూబులు. మీ స్లాబుకు 9, ఇంకో మూడు 7 రోజులకు ఎక్కువగా పోసుకోండి, ముందే సంగతి తెలుస్తుంది. క్యూబ్ మీద తేదీ, ఎక్కడి కాంక్రీటు అన్నది గీసి, ఏఈ సంతకంతో రిజిస్టర్‌లో ఎక్కించాలి. స్లాబు అయిపోయాక ల్యాబు రిపోర్టు కోసం ఎక్కడి క్యూబులో తెచ్చి పెట్టే అలవాటు కొందరిది. క్వాలిటీ కంట్రోల్ వాళ్లు రిబౌండ్ హ్యామర్ (కట్టిన కాంక్రీటు బలం చూసే పరికరం) పట్టుకొస్తే ఆ కాగితం పనికిరాదు.

సెంట్రింగ్ అద్దె తగ్గుతుందని తొందరపడి ఊడదీయవద్దు. స్లాబు స్పాన్ 4.5 మీటర్ల లోపు ఉంటే ప్రాప్స్ (కింద పెట్టే ఆధారాలు) 7 రోజులు, దాటితే 14. బీము 6 మీటర్ల లోపు అయితే 14, దాటితే 21. తరగతి గది లోపలి వెడల్పు 6 మీటర్లు అంటే బీము పొడవు ఆధారాల మధ్య నుంచి మధ్యకు 6 దాటిపోతుంది. 21 రోజుల అద్దె వేసుకోండి. ఇవి ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్) సిమెంటుకు. పీపీసీ (బూడిద లాంటివి కలిపిన సిమెంటు) వాడితే ఇంకొంచెం ఆగాలి. క్యూరింగ్ కూడా పీపీసీకి కనీసం 10 రోజులు, మన ఎండలకు 14. వేసవిలో బడి బోరు ఎండిపోతుంది, ట్యాంకర్ ఖర్చు మీ రేటులో ఉందా?

వేసవి సెలవుల్లో మొదలుపెట్టగలిగితే మంచిదే. జూన్ 12 ప్రాంతంలో బడి తెరిచాక పిల్లలు తిరిగే చోట పని చెయ్యాలి. రేకులతో అడ్డం కట్టడం, లారీకి వేరే గేటు, స్లాబు ఆదివారం పెట్టుకోవడం తప్పనిసరి అనుకోండి. ఫుటింగ్ గుంటలు తెరిచి వదిలేస్తే వేరే చెప్పక్కర్లేదు. పాత గది పడగొట్టే పని షెడ్యూల్లో ఉంటే పాత ఇనుము, దూలాలు, తలుపుల విలువ క్రెడిట్ కింద మీ బిల్లులోంచి తీసేస్తారు. ఆ లైను చూసుకోకపోతే పాత సామాను ఉచితం అనుకుంటారు.

ఫైనల్ బిల్లు ఆపేవి చిన్నవే. దివ్యాంగుల టాయిలెట్‌కు ర్యాంపు 1:12 వాలుతో ఉండాలి. స్థలం లేదని 1:6 వేస్తే మళ్లీ పగలగొట్టాలి. టాయిలెట్ ఫ్లోరు వాలు ట్రాప్ వైపు లేకపోవడం, ట్యాంకుకు నీటి కనెక్షన్ మరొక శాఖ ఇవ్వాలని వదిలేయడం, గ్రీన్ బోర్డు ఎత్తు, ఎర్తింగ్ పిట్ లేకపోవడం. ఇవి స్లాబు ఉన్నంత పెద్దవి కావు గానీ చివరి లక్ష వీటి దగ్గరే ఆగుతుంది.

---

గోదావరి_గట్టు:

నేను కమిటీ, సబ్ పనుల గురించి చెప్తాను. పైన ఎవరూ ముట్టుకోలేదు.

కమిటీ పని తేలిగ్గా దొరుకుతుంది, కానీ అది మిమ్మల్ని కాంట్రాక్టర్‌గా ఒక మెట్టు ఎక్కించదు. ఆంధ్రలో 2019 నవంబర్ 14న ఒంగోలులో మొదలైన నాడు-నేడు మొదటి విడతలో 15,715 బడులు తీసుకున్నారు. పనులు తల్లిదండ్రుల కమిటీల ద్వారానే నడిపించారు, టెండరు లేదు. సామాను చాలావరకు రాష్ట్ర స్థాయిలో కొని పంపారు. స్థానిక మేస్త్రీకి మిగిలింది కూలి పనే. తెలంగాణలో మన ఊరు మన బడి మొదటి విడత 9,123 బడులకు కూడా 30 లక్షల లోపు పనులు స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలకు, ఆ పైవి టెండరుకు అని విభజించారు. 2024లో వచ్చిన అమ్మ ఆదర్శ కమిటీల్లో గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు ఛైర్‌పర్సన్, హెడ్‌మాస్టర్ కన్వీనర్. అంటే ప్రభుత్వంతో ఒప్పందం కమిటీది. ఎంబుక్‌లో పేరు కమిటీది. మీరు చేసినా ఈఈ సర్టిఫికెట్ మీ పేరున రాదు, రేపు టెండరులో అనుభవంగా చూపించలేరు.

అయినా చెయ్యొద్దని అనను. తలుపులు, టైల్స్, వాటర్‌ప్రూఫింగ్, కరెంటు రిపేర్లలో రెండు మూడు వారాల్లో తిరిగి వచ్చే డబ్బు ఉంటుంది. కాకపోతే ముందు కమిటీ తీర్మానం కాపీ తీసుకోండి, అందులో పని, రేటు, మీ సంస్థ పేరు ఉండాలి. ఎస్టిమేట్ కాపీ, ఖాతాలో ఇప్పుడున్న నిల్వ రెండూ చూసుకోండి. మంజూరు అయింది వేరు, ఖాతాలో పడింది వేరు. చెల్లింపు బ్యాంకు ద్వారానే తీసుకోండి. హెడ్‌మాస్టర్ బదిలీ అయితే సంతకం మారేదాకా ఖాతా కదలదు, కాబట్టి బదిలీల సీజన్ ముందే బిల్లు తేల్చుకోండి. నోటి మాట మీద అదనపు గోడ ఒక్క అడుగు కూడా కట్టొద్దు. అది ఏఈ ఎస్టిమేట్‌లో లేకపోతే ఛైర్‌పర్సన్ ఎంత మంచివారైనా ఇవ్వలేరు.

సబ్ విషయంలో లెక్కల_పుస్తకం గారు చెప్పిన పెట్టుబడి సమస్యకు ఒక సమాధానం ఉంది. యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ స్కూళ్ల లాంటివి ఒక్కోటి 25 ఎకరాల్లో, 200 కోట్ల స్థాయి. ఆ టెండరు మన లాంటి వాళ్లకు అందదు, కానీ గోడ, ప్లాస్టరింగ్ రేటుకు మనుషులు వాళ్లకు కావాలి. సామాను కంపెనీదే అయితే మీకు కావాల్సింది పదిహేను రోజుల కూలీ డబ్బు మాత్రమే. రాత ఒప్పందంలో స్కాఫోల్డింగ్ ఎవరిది, నీళ్లు కరెంటు ఎవరివి, మెటీరియల్ వేస్టేజ్ ఎంతవరకు ఒప్పుకుంటారు, ఓపెనింగ్స్ కొలత ఎలా తీసేస్తారు, పని లేక మనుషులు ఖాళీగా ఉన్న రోజులకు ఏమిస్తారు అన్నవి ఉండాలి. ఓపెనింగ్స్ దగ్గరే ఎక్కువ గొడవలు. ప్లాస్టరింగ్‌లో తలుపు, కిటికీ విస్తీర్ణం ఎంతవరకు తీయరో రాసుకోకపోతే చదరపు మీటర్లు పది శాతం దాకా తేడా వస్తుంది.

---

పాత_ఎస్టిమేటు:

గోదావరి_గట్టు గారితో ఒక్క చోట విభేదం. సబ్ పని డబ్బుకు పనికొస్తుంది, అనుభవానికి కాదు. శాఖ అనుమతి లేకుండా సబ్‌కు ఇవ్వడం చాలా అగ్రిమెంట్లలో నిషేధం. మీకు పని ఇచ్చిన కంపెనీ శాఖ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకుంటేనే ఆ పని రేపు మీ ఖాతాలో లెక్కకొస్తుంది. అడిగితే చాలా కంపెనీలు తప్పించుకుంటాయి.

అందుకే నేనైతే క్రమం ఇలా చెప్తా: మొదట 10 నుంచి 20 లక్షల బడి పని నేరుగా టెండరులో. పంచాయతీరాజ్ ఇంజనీరింగ్, విద్య సంక్షేమ మౌలిక వసతుల సంస్థ, గిరిజన సంక్షేమ ఇంజనీరింగ్, మున్సిపాలిటీలు అన్నీ బడి పనులు పిలుస్తాయి. ఒక్క శాఖ వెబ్ పేజీ చూస్తూ కూర్చుంటే సగం కనిపించవు, ఈ-ప్రొక్యూర్‌మెంట్‌లో జిల్లా పేరుతో వెతకండి. పని అయ్యాక ఈఈ నుంచి కంప్లీషన్ సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు మొత్తం విలువ ఒక్కటే రాయించుకోకండి. అగ్రిమెంట్ నంబరు, ఏ ఆర్థిక సంవత్సరంలో ఎంత విలువ, ఎన్ని క్యూబిక్ మీటర్ల కాంక్రీటు అన్నవి కూడా ఉండాలి. తర్వాతి టెండరు అడిగేది అదే పట్టిక, మూడేళ్ల తర్వాత ఆ ఈఈ అక్కడ ఉండరు.

ఆంధ్ర నుంచి చదివే బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ బిల్డర్లకు ఒక మాట: నామినేషన్ మీద ఇచ్చే పనుల్లో 50 శాతం మీకు అని 2019లో చట్టం చేశారు. అది టెండరు పనులకు కాదు.

---

కొత్త_సివిల్_వర్క్స్:

40 లక్షలది వదిలేస్తున్నా. అదే మండలంలో ఇంకో బడికి ప్రహరీ, గేటు ఉంది, ఈసీవీ 16.5 లక్షలు, గడువు 4 నెలలు. షెడ్యూల్ చూస్తే సైజు స్టోన్ పునాది, 230 ఎంఎం ఇటుక గోడ, రెండు వైపులా ప్లాస్టరింగ్. ఇటుక లీడ్ 35 కిలోమీటర్లు చూపించారు, మాకు 12 కిలోమీటర్లలో బట్టీ ఉంది. ఎంత దాకా వెళ్లొచ్చు?

---

పాత_ఎస్టిమేటు:

ఆ బట్టీ ఇటుక బలం పరీక్ష ముందు చేయించండి. షెడ్యూల్లో అడిగిన బలం రాకపోతే లీడ్ ఆదా లెక్కే లేదు. వస్తే, ఇటుక రవాణాలో 23 కిలోమీటర్ల తేడా వెయ్యి ఇటుకలకు ఎంతో మీ ట్రాక్టర్ రేటుతో లెక్కేసి, గోడ పరిమాణానికి గుణించండి, ఆ మొత్తాన్ని 16.5 లక్షలతో భాగిస్తే వచ్చే శాతం మీకు లాభం ముట్టుకోకుండా ఇవ్వగలిగిన లెస్. దానికి పైన ఇంకో రెండు శాతం వరకు మీ ఇష్టం. ఒక జాగ్రత్త: ప్రహరీ పొడవు బడి హద్దు మీద నడుస్తుంది. పని అప్పగించేటప్పుడు సర్వేయర్ వేసిన హద్దు రాళ్లు, ఆ పంచనామా అగ్రిమెంట్ ఫైల్లో పెట్టించుకోండి. పక్క రైతు వచ్చి పునాది ఆపితే ఆ ఆగిన రోజులకు గడువు పొడిగింపు అడగడానికి అదే ఆధారం. ఎక్స్‌పాన్షన్ జాయింట్లు ఎక్కడెక్కడ అన్నది డ్రాయింగ్‌లో లేకపోతే పునాది ముందే రాతగా అడగండి, గోడ లేచాక అడిగితే ఎవరూ చెప్పరు.